గోంగూర మడిలో జామాయిల్

ఈ పొద్దున్నించీ మా వెనక వీధిలో కొమ్మలు నమిలే యంత్రం ఆగకుండా తిరుగుతోంది. కిటికీలన్నీ మూసినా వాసన లోపలికి వచ్చేసింది. నీలగిరి తైలం సీసా మూత తీసినప్పుడు కొట్టే ఘాటు, దాని వెనకే నిమ్మతొక్క నలిపినట్టు కాస్త పులుపు, ఆ రెంటి అడుగున తడి ఎర్రచెక్క వాసన. జలుబు చేసిన ప్రతి తెలుగువాడికీ ఇందులో సగం తెలుసు, మిగతా సగం పచ్చి చెట్టు పడిపోయేటప్పుడు పక్కన నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. సిడ్నీ శివార్లలోని మా ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఇళ్ళ స్థలాల కోసం ఇంకో ముక్క చదును చేస్తున్నారు. ఏ చెట్టుకి తొర్ర ఉంది, ఏ చెట్టుకి లేదు, ఏది ఉంచాలి, ఏది పోయినా ఫరవాలేదు అని చూసి రాసిచ్చే ఉద్యోగం నాది, ఈ ముక్కని చూసిందీ నేనే. కాబట్టి ముక్కు మూసుకునే హక్కు నాకు లేదు. పక్కింటి పంజాబీ ఆవిడ బయటికొచ్చి, ఎంత హాయిగా ఉందో వాసన అని గుండెల నిండా పీల్చింది. నేను అవునన్నాను.

ఈ చెట్టుని ఇక్కడ ఫారెస్ట్ రెడ్ గమ్ అంటారు. మా అమ్మ ఏనాడూ ఆ పేరు నోటితో పలకలేదు. ఆవిడకది జామాయిల్, అంతే. మాది కందుకూరు పక్క పల్లె, అప్పటికది ప్రకాశం జిల్లాలో ఉండేది. పొగాకు గిట్టుబాటు కాని పొలాల్లో జనం వరసలు తీర్చి జామాయిల్ వేసేవాళ్ళు. నాలుగేళ్ళు తిరిగేసరికి కాగితం మిల్లు లారీలు వచ్చి మొదలంటా నరికి పట్టుకుపోయేవి, నెల తిరక్కుండానే ఆ మోడులోంచి పిడికెడు పిలకలు లేచేవి. దాని కింద గడ్డి మొలవదు, దాని పక్క బావిలో నీరు నిలవదు, దాన్ని మేక కూడా ముట్టదు అని ఊళ్ళో అందరూ తిట్టుకుంటూనే వేసేవాళ్ళు. నరికినా చావని చెట్టుగానే నేనూ దాన్ని ఎరుగుదును. మా ఇంటిల్లిపాదీ చేసిన పొరపాటుకి పునాది ఆ నమ్మకంలోనే ఉంది.

మా నాన్న జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. తొంభైల చివర్లో ఎవరో చెవినేస్తే అమీర్‌పేటలో ఓ ఇరుకు గదిలో కొన్నాళ్ళు కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకొని, వైటూకే పుణ్యమా అని మమ్మల్ని తీసుకొని సిడ్నీలో దిగాడు. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం ఆయన పని. ఇంత చదువుకున్నవాళ్ళు ముందే నాలుగంకెలు ఎందుకు వేసుకోలేదని నేనడిగితే, వేసుకొని ఉంటే మనం విమానం ఎక్కేవాళ్ళమా అని నవ్వేవాడు. ఇక్కడి లివర్‌పూల్ దాటి దక్షిణంగా వెళ్తే రైలు కట్ట పక్కన సిమెంటు రేకు గోడల అద్దె ఇల్లు మాది, దాని పెరట్లో నట్టనడుమ ఈ చెట్టు.

ఊళ్ళో మోచేయి లావుకే నరికేసే జామాయిల్‌ని చూసిన కళ్ళకి అది చెట్టులా కనబడలేదు. నేనూ అమ్మా చెరోవైపు నిలబడి చేతులు చాపినా వేళ్ళు అందలేదు. మొదట్లో మాత్రం గరుకైన బూడిదరంగు బెరడు, మేజోడు తొడిగినట్టు మోకాలెత్తు వరకు. దానిపైన కొమ్మల చివర దాకా నున్నటి ఒళ్ళు, తెలుపూ బూడిదా నీలిపొడా కలిసిన మరకలు. ఎండాకాలం వస్తే పాత తొక్క పెచ్చులు పెచ్చులుగా రాలి, కింద వెన్నరంగు కొత్త తోలు బయటపడేది. ఆకులు బారుగా, కొడవలి వంపుతో, అంచు సూర్యుడికిచ్చి కిందికి వేలాడేవి, అందుకే అంత చెట్టు కింద కూడా నీడ పల్చన. అమ్మ మొదటిరోజు సామాను దించకముందే పెరట్లోకి వెళ్ళి ఆకు తుంచి నలిపి వాసన చూసి, "ఇదేందీ, మన జామాయిల్ ఇంతదూరం ఎట్టా వచ్చిందీ?" అంది. ఇక్కణ్ణించే మన ఊరికి వచ్చిందని నాన్న ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. ఈ దేశంలో తనకి తెలిసిన మొహం అదొక్కటే, దాన్ని పరాయిదని ఒప్పుకోవడం ఆవిడ వల్ల కాలేదేమో.

నాకు మాత్రం ఆ చెట్టు కింద పూట గడిచిపోయేది. చలికాలం మధ్యలో గుత్తులు గుత్తులుగా మొగ్గలు వచ్చేవి, ఒక్కో మొగ్గకి పొడుగ్గా కొమ్ములాంటి టోపీ. పువ్వు విచ్చేటప్పుడు ఆ టోపీ ఊడి కింద పడేది, లోపల్నుంచి రేకులు లేని తెల్లటి కేసరాలు కుచ్చులా విప్పుకునేవి. ఊడిన టోపీలన్నీ ఏరి వేళ్ళకి గోళ్ళలా పెట్టుకొని, పని నుంచి వచ్చిన నాన్న మీదికి దూకి భయపెట్టేదాన్ని. పాపం, రోజూ భయపడేవాడు. ఎండిన కాయల్ని పావులు చేసి, చింతపిక్కల బదులు వాటినే గవ్వలనుకొని, సిమెంటు గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం, అమ్మ దొంగాట ఆడేది. వినాయక చవితికి ఇక్కడ అప్పుడే చలి విరిగేది. పత్రి ఎక్కడ దొరుకుతుంది? మాచీపత్రి అన్నచోట జామాయిల్ ఆకు, గన్నేరు అన్నచోట జామాయిల్ పూత, గరిక ఒక్కటే నిజం గరిక. దేవుడు కూడా కొత్త దేశం వచ్చాడు కదా, సర్దుకుంటాడులే అనేది అమ్మ. ఎవరిదో పాత కారులో హెలెన్స్‌బర్గ్ గుడికి పోయేటప్పుడు దారంతా అడవిలో వెతికి, అదుగో మన జామాయిల్, కాదు అదింకేదో అని మాలో మేము పందేలు వేసుకునేవాళ్ళం. పడిశం పడితే సరే సరి, గిన్నెలో మరిగిన నీళ్ళు, అందులో గుప్పెడాకులు, నెత్తిన దుప్పటి.

కంచె అవతలి ఇంట్లో బెవ్ ఆంటీ ఉండేది. భర్త పోయిన ముసలావిడ, ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేదట. వాళ్ళమ్మది ఈ నేల మొదటివాళ్ళయిన ధారవాల్ జనం. చెట్టు మీద ఒకచోట ఎర్రటి జిగురు కారి గడ్డకట్టి ఉండేది. తన అమ్మమ్మ దాన్ని నీళ్ళలో కరిగించి పుళ్ళకి పూసేది, పచ్చి ఆకుల పొగ పట్టి పసిపిల్లలకి దిష్టి తీసేది అని బెవ్ ఆంటీ కంచె మీద మోచేతులు ఆనించి చెప్పేది. దిష్టి అన్న మాట ఆవిడది కాదు, నేను తెలుగులో అమ్మకి చెప్పేటప్పుడు నాదే. లేత బెరడు పెచ్చుగా లేపి, అంచులు మడిచి, పళ్ళెంలా చేసి అందులో గింజలూ బిడ్డల్నీ మోసేవాళ్ళట. ఆవిడ పెరట్లోనూ ఇంత చెట్టే ఉండేదట, కారు షెడ్డు కోసం మొగుడు కొట్టిస్తుంటే తను టీ కాచి పనివాళ్ళకిచ్చిందట. ఇప్పుడు వంటింట్లోంచి మీ చెట్టునే చూసుకుంటున్నానంది. పైన పెద్ద కొమ్మ విరిగినచోట తొర్ర ఉండేది, ఎర్రతల, పసుపు పొట్ట ఉన్న చిలకల జంట ఏటా అందులో పిల్లల్ని చేసేది. అలాంటి తొర్ర పడాలంటే చెట్టు మన ముత్తాతల కాలం నుంచీ నిలబడి ఉండాలి. ఈ మాట ఇప్పుడు నేను పదిమందికి పాఠంలా చెబుతాను.

ఇంత చెప్పి అమ్మ సంగతి దాటవేస్తే నేను చెప్పేదంతా బూటకమవుతుంది. అమ్మ ఊళ్ళో తెలుగు పంతులమ్మ. ఆవిడ క్లాసులో పద్యం చదివితే పక్క క్లాసువాళ్ళు పాఠం ఆపేసేవాళ్ళు. అలాంటి మనిషి ఇక్కడ దుకాణంలో కొత్తిమీర అడగలేక వేలితో చూపించేది. నాన్న చీకటితో వెళ్ళి చీకటితో వచ్చేవాడు. నేను బడి నుంచి వచ్చేసరికి పడకగది కర్టెన్లు వేసే ఉండేవి, అమ్మ పొద్దున వదిలినచోటే వదిలినట్టు గోడవైపు తిరిగి పడుకొని ఉండేది. అన్నం మాడిన వాసన కూడా ఆవిణ్ణి లేపేది కాదు. అమ్మకి ఇంగ్లీషు రాదని అందరం తీర్మానించేశాం. నేనైతే ఆవిడ తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబివ్వడం మొదలుపెట్టాను, అంతటితో ఆగక బడి దగ్గరికి చీర కట్టుకొని రావద్దని కూడా అన్నాను. ఆ తర్వాత ఆవిడ బడి దగ్గరికే రాలేదు.

ఆ గదిలోంచి ఆవిణ్ణి బయటికి లాగింది గోంగూర. లివర్‌పూల్‌లో ఫిజీ నుంచి వచ్చిన దుకాణదారు ఒకాయన, ఆవిడ గోంగూర కోసం కళ్ళతోనే వెతకడం చూసి, కాగితంలో గింజలు పొట్లం కట్టిచ్చాడు. మా పెరటి నేలేమో గడ్డపార దిగని బంకమట్టి. నాన్న ఒక ట్రక్కు మంచి మట్టి, బస్తాలకు బస్తాలు కోళ్ళ ఎరువు తెప్పించాడు. పాత రైలు పట్టాల కింది చెక్కలు అడ్డం పెట్టి, చెట్టు చుట్టూ మోకాలెత్తున మట్టి పోసి, గోంగూర, వంగ, మిరప, ఒక మూల కరివేపాకు వేశారు. అంతకుముందే పాదు చేయడానికి చెట్టు మొదట్లో కనబడిన వేళ్ళని గడ్డపారతో కొట్టి తీసేశారు. చెట్టు గరుకు మేజోడు మట్టిలోకి దిగిపోయింది. మన ఊళ్ళో చెట్టుకి మర్యాద చేయడమంటే అదే కదా, మొదట్లో మట్టి ఎగదోసి, పాదు కట్టి, గెత్తం వేసి, నీళ్ళు పట్టడం. అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబోయకుండా తెచ్చి చెట్టు మొదట్లోనే పోసేది, జామాయిల్‌కి దాహం ఎక్కువని. మేము దానికి తిండి పెడుతున్నామనే అనుకున్నాం.

ఎండాకాలం మొదలయ్యేసరికి గోంగూర నా నడుము దాటింది, అమ్మ మారిపోయింది. పొద్దున్నే చీర కుచ్చిళ్ళు దోపుకొని మడిలో ఉండేది, పాడేది, నన్ను తిట్టేది, నాన్నని వేళాకోళం చేసేది. ఆదివారమొస్తే పారమట్ట నుంచీ బ్లాక్‌టౌన్ నుంచీ తెలుగువాళ్ళు కార్లేసుకొని గోంగూర కోసం వచ్చేవాళ్ళు. పెరట్లో బార్బెక్యూ మీద నూనె మూకుడు పెట్టి ఎండుమిరపకాయలు వేయించేవాళ్ళు, ఘాటుకి అందరూ దగ్గుతూ నవ్వుతూ ఉండేవాళ్ళు, పైన చిలకలు విసుక్కునేవి. రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లకి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మా నాన్న సాధించిన ఘనకార్యం, దానికెవరూ దండ వేయరు. కొన్ని నెలలకి కాంట్రాక్టు అయిపోయింది, ఆపైన నాన్న ఫోను పక్కనే కూర్చొని గడ్డం నిమురుకునేవాడు. ఇంట్లో సవ్యంగా నడుస్తున్నది అమ్మ మడి ఒక్కటే.

ఆ ఏడే చెట్టు నెత్తిన ఆకు పలచబడింది. తర్వాత లావుపాటి కొమ్మల పొడుగునా, చివరికి మానుకి కూడా, కుచ్చులు కుచ్చులుగా లేత చిగురు వేసింది. అమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "నా గెత్తం మహిమ. చూడు పాపా, మానుక్కూడా చిగురేసింది!" అంది. అది బలిసి వేసిన చిగురు కాదని, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చెట్టు బెరడు కింద దాచుకున్న ఆఖరి మొగ్గల్ని బయటికి నెట్టిందని నేను యూనివర్సిటీలో చదువుకున్నాను. ఆ పాఠం విన్నరోజు నేను మధ్యలో లేచి బయటికొచ్చేశాను.

ఒక శనివారం మధ్యాహ్నం బెవ్ ఆంటీ కంచె దగ్గరికి నాన్నని పిలిచింది. ఆవిడ గొంతు ఎప్పుడూ పెద్దదే. ఆ మట్టి చెట్టు మెడ పట్టుకుంది, వేళ్ళకి గాలి ఆడటం లేదు, ఈ నేలకి అంత ఎరువు పడదు, ఇప్పుడైనా మట్టంతా లాగేస్తే ఎండలు ముదిరేలోపు బతకొచ్చు, నా మాట విను అంది. గద్దించలేదు, బతిమాలింది. మట్టి లాగడమంటే మడి మొత్తం పీకడమే. నాన్న ఆవిడకి థాంక్స్ చెప్పి, పార తెచ్చి, మడి అంచున నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. నేను మెట్ల మీద కాయలతో ఆడుతున్నట్టు నటిస్తూ చూస్తున్నాను. అప్పుడు అమ్మ వంటింట్లోంచి జల్లెడ పట్టుకొని వచ్చింది, నాన్న పక్కగా మడిలో దిగి, దోసెడు గోంగూర కోసి ఆయన మొహం ముందు పెట్టి, రాత్రికి మీకిష్టమని పులుసు పెడుతున్నా అని నవ్వింది. ఈ దేశంలో అమ్మ అంత అందంగా నవ్వగా నేను చూడలేదు. నాన్న పార తీసుకెళ్ళి షెడ్డులో పెట్టేశాడు. వస్తూ వస్తూ నా పక్కన వంగి, "బెవ్ ఆంటీ మాటలు మీ అమ్మతో అనమాక. చెట్టుదేముంది, జామాయిలేగా, మళ్ళీ వస్తది," అన్నాడు. నేను అనలేదు.

మళ్ళీ రాలేదు. చిగురు వేసినట్టే వేసి మాడిపోయింది, చిలకలు ఆ వసంతంలో తొర్రలోకి తొంగి చూసి వెళ్ళిపోయాయి, కొమ్మలు విరిగి పడుతున్నాయని ఇంటి ఓనరు మనుషుల్ని పంపాడు. ఒకపూటంతా యంత్రం ఇలాగే అరిచింది. మొదలు కోశాక చూస్తే మట్టిలో ఉన్న మేర బెరడు నానిపోయి చేత్తో లాగితే ఊడి వచ్చింది, లోపల చెక్క మాత్రం మాంసం ముక్కంత ఎర్రగా ఉంది. బెవ్ ఆంటీ ఆరోజు బయటికి రాలేదు. మోడులోంచి పిలకలు వస్తాయని నేను చాన్నాళ్ళు ఎదురు చూశాను. వేళ్ళే కుళ్ళినదానికి పిలకలెక్కడివి? చెట్టు అడ్డం తొలగి పెరటినిండా ఎండ పడేసరికి, చెప్పడానికే సిగ్గుగా ఉంది, గోంగూర ముందెన్నడూ లేనంతగా కాసింది. అమ్మ జాడీలకు జాడీలు పచ్చడి పెట్టి ఊరందరికీ పంచింది. నేను వేడన్నంలో నెయ్యేసుకొని కలుపుకొని వేళ్ళు నాకేశాను.

ఇప్పుడా ఇల్లు లేదు, ఆ స్థలంలో ఒకదాన్నొకటి ఆనుకొని టౌన్‌హౌసులు లేచాయి. బెవ్ ఆంటీ ముసలివాళ్ళ హోములో పోయిందని విన్నాం. నాన్న కిందటేడు పోయాడు. ఎక్కడైనా ఎండిన గమ్ చెట్టు కనబడితే ఆయన మాట్లాడుతున్నది ఆపేసి మొహం తిప్పుకునేవాడు, ఆ మాటెత్తి ఆయన బరువు దించే ధైర్యం నేను ఒక్కసారీ చేయలేదు. అప్పట్లో ఆదివారాలు మా పెరట్లో దగ్గుతూ నవ్విన కుటుంబాల్లో సగం మెల్‌బోర్న్ వైపు వెళ్ళిపోయాయి. గోంగూర ఇప్పుడు ప్రతి ఇండియన్ దుకాణంలోనూ కట్టలు కట్టి దొరుకుతుంది, దానికోసం ఎవరూ ఎవరింటికీ వెళ్ళనక్కర్లేదు. నా కూతురు జామాయిల్ అంటే ఏదో నూనె పేరనుకుంటుంది. రెడ్ గమ్ చెట్లు ఈ మైదానమంతా పరుచుకొని ఉండేవట. ఇప్పుడు వాగుల వెంట, రైలు కట్టల వెంట, నాలాంటివాళ్ళు ఉంచమని రాసిచ్చినచోట ఉన్నాయి.

మధ్యాహ్నం యంత్రం కాసేపు ఆగింది. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. వంటింటి బల్ల దగ్గర కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఆ వాసన పీల్చి, జామాయిలే కదూ అంది. అవునన్నాను. ఈ చెట్లని చూసి రాసిచ్చింది నేనేనమ్మా, తొర్రలున్నవి రెండు ఉంచమన్నాను, తక్కినవి పోతే పోనీ అని సంతకం పెట్టాను అన్నాను. ఎందుకు చెప్పానో, ఆవిడ తిడితే బాగుండుననిపించింది.

అమ్మ తిట్టలేదు. ఈనెలు తీస్తూనే, "ఆ రోజు బెవ్ చెప్పిందంతా నాకు అర్థమయ్యింది," అంది. "కిటికీ దగ్గరే ఉన్నా. మట్టి తీసేయమంది. తీస్తే నేను మళ్ళీ ఆ గదిలోకి పోతానని భయమేసింది."

నాన్నకి చెప్పావా అని అడిగాను.

"ఎట్టా చెప్తాను? ఆయన పార పట్టుకొని నిలబడితే జల్లెడ తీసుకొని బయటికి వచ్చా. ఆ నవ్వు నేను కావాలని నవ్వానమ్మా. ఆ పాపం తనొక్కడిదే అనుకొని పోయాడు మీ నాన్న."

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చొని కొన్ని చిక్కుడుకాయలు నా వైపు లాక్కున్నాను. బయట యంత్రం మళ్ళీ మొదలైంది.